ఫోనెత్తే డబ్బా

ఆ డబ్బా ఆఫీసులోకి వచ్చిన రోజు నుంచే నాకు గిట్టలేదు. చూడ్డానికి అందులో ఏమీ లేదు, టిఫిన్ బాక్సు అంత నల్ల పెట్టె. ముందు వైపు ఎర్ర లైట్లు, వెనక రెండు వైర్లు. ఒకటి కంప్యూటర్‌కి, ఇంకొకటి గోడలో ఉన్న ఫోను లైనుకి. మోడెమ్ అని దాని అసలు పేరు. మిల్లులో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవలేదు.

అప్పట్లో నేను నారాయణఖేడ్‌లో ఒక పప్పు మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఆపరేటర్ అని పేరే గానీ రేట్లు చూడటం, లారీల కాగితాలు కొట్టడం, సేటుకు చాయ్ తెప్పించడం, వచ్చిపోయేవాళ్ళ మీద అరవడం అన్నీ నావే. అరవడం ఒక్కటీ ఎవరూ అప్పజెప్పింది కాదు, నాకు నేనే తీసుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడూ అక్కడే ఉంది, కాకపోతే అద్దాలు పెట్టుకోవడం వల్ల కొంచెం కిందికి జరిగింది.

మిల్లు కప్పు మీద పట్నం కంపెనీవాళ్ళు బిగించిన డిష్ ఒకటి ఉండేది. మా ఇంటర్నెట్ అంతా దాని దయ. సేటు దాన్ని గొడుగు అనేవాడు. గాలి గట్టిగా వీస్తే పక్కకు తిరిగేది, మబ్బు పడితే మూగబోయేది, పొద్దుగూకి ఊరంతా లైట్లు వేసుకుని వోల్టేజీ పడిపోయాక దాని ప్రాణం గుటుక్కుమనేది. పట్నం నుంచి రేటు రాకపోతే సేటు కందులు కొనడు. కొనకపోతే కంగ్టి నుంచి, మనూరు నుంచి ఆటోల్లో బస్తాలు వేసుకొచ్చిన రైతులు ఆ బస్తాల మీదే కూర్చుని నా ముఖం చూస్తుంటారు. ఒకసారి పొద్దున పోయిన నెట్ సాయంత్రం దాకా రాలేదు. సేటు లోపలి గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. బయట తిట్లన్నీ నేను తిన్నాను.

మర్నాడు వస్తూనే సేటు, "గీ గొడుగును నమ్ముకుంటే దుకాణం బంద్ వెట్టుకోవుడే. అది సచ్చినప్పుడు పనికొచ్చేటట్టు ఇంకో దారి పెట్టియ్యమని పట్నంల చెప్పిన" అన్నాడు.

ఆ ఇంకో దారిని సంచిలో వేసుకుని ఒక ఇంజనీరు బస్సు దిగాడు. మాట మెత్తగా ఉండే మనిషి. డబ్బాను నా బల్ల మీదే పెట్టాడు, ఫోను పక్కన. పని చేస్తూ నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. డిష్ పోయినప్పుడు కంప్యూటర్ తనంతట తానే ఈ ఫోను లైను మీద పట్నానికి ఫోన్ చేస్తుంది, నెమ్మదిగానైనా రేట్లు వస్తాయి, మెయిల్స్ పోతాయి. ఇక రెండోది, కంప్యూటర్లకు ఏ రోగం వచ్చినా అతను మళ్ళీ ఇంత దూరం రానక్కర్లేదు. పట్నంలో కూర్చుని మా నంబరుకు ఫోన్ చేస్తే డబ్బా ఎత్తుతుంది. అతను అక్కడి నుంచే మా కంప్యూటర్లలోకి వచ్చి బాగుచేస్తాడు.

"మొదటి రింగుకే ఎత్తేలా పెట్టాను మేడమ్" అన్నాడు.

"మీరు గాకుండ ఇంకెవరన్న చేస్తే?" అని అడిగాను.

"ఎవరు చేసినా అదే ఎత్తుతుంది. అవతల కూడా ఇలాంటి మోడెమే ఉందేమోనని కాసేపు అరుస్తుంది. మనిషైతే ఆ అరుపుకి తనే పెట్టేస్తాడు కదా."

అతను అది మామూలుగానే అన్నాడు. నేను మాత్రం పక్కనున్న ఫోను వైపు చూశాను. ఎందుకో చెప్పాలంటే ఆ ఫోను సంగతి చెప్పాలి.

ఆ ఫోను మిల్లుదే అయినా మాట్లాడుకునే ఫోను కాదు. మా దగ్గర పనిచేసే హమాలీల ఇళ్ళ నుంచి, చెరిగే ఆడవాళ్ళ ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు పట్నంలో ఉండేవాళ్ళు. వాళ్ళ ఊళ్ళలో ఫోన్లు లేవు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పెద్దవాళ్ళ చేతుల్లోకి వస్తున్నాయి గానీ ఆ ఊళ్ళ దాకా సిగ్నల్ రాలేదు. అందుకని పట్నం పోయినవాళ్ళు మిల్లు నంబరుకే చేసేవాళ్ళు. చేసి, ఒక్క రింగు ఇచ్చి పెట్టేసేవాళ్ళు. ఒక్క రింగు అంటే క్షేమం. పొద్దున మోగితే ఫలానా వాళ్ళది, అన్నాల వేళకు మోగితే ఇంకొకళ్ళది. ఎవరి వేళ వాళ్ళకుండేది, ఆ వేళకు వాళ్ళవాళ్ళు వచ్చి నా బల్ల దగ్గర నిలబడేవాళ్ళు. మొదటి రింగు ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే అవతలివాడి రూపాయి బిళ్ళ పోతుంది. రెండో రింగు మోగిందంటే మాత్రం ఆఫీసులో అందరి చేతులూ ఆగిపోయేవి. అప్పుడు ఎత్తాలి. ఎత్తితే అవతల ఎవరో గబగబా, బిళ్ళ అయిపోయేలోపు, చెప్పాల్సింది ఒక్క ఊపిరిలో చెప్పేసేవాళ్ళు. రెండో రింగులో నేను మంచి మాట విన్నది తక్కువ.

ఇప్పుడు ఈ డబ్బా మొదటి రింగుకే ఎత్తుతుందట. అంటే మా ఫోనులో ఇక రెండో రింగు అనేదే ఉండదు.

ఆ మాటే ఇంజనీరుతో అన్నాను. కొన్ని రింగులు ఆగి ఎత్తేలా పెట్టమన్నాను. "అలా పెడితే నేను చేసినప్పుడు మీలో ఎవరో ఒకరు ముందే ఎత్తి హలో అంటారు మేడమ్, నా కనెక్షన్ తెగిపోతుంది" అన్నాడు. సేటుతో గొడవపడ్డాను, ఇంకో ఫోను పెట్టించమన్నాను. అప్లికేషన్ పెడితే వచ్చే ఏడాదికి గానీ రాదన్నాడు. పోనీ సాయంత్రం పూట ఆ డబ్బా తీసేద్దామన్నాను.

"పొద్దుమూకంగనే గదనే గొడుగు సచ్చేది. గప్పుడే తీసేస్తే ఇగ డబ్బ దేనికి, బొట్టు వెట్టి పూజ చేసుకుందామా?" అన్నాడు.

సాయంత్రం పూట అని నేను పట్టుబట్టింది ఒకామె కోసం. మిల్లులో పప్పు చెరిగే ఆడవాళ్ళలో ఆమె నాకు దగ్గర. మనూరు దిక్కు ఊరు. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పిల్లా అనేది. ఆమె భర్త పట్నంలో సెంట్రింగు పని చేసేవాడు. పెద్ద పెద్ద బిల్డింగుల మీద స్లాబు పోయడానికి ముందు చెక్కలు, రేకులు బిగించే పని. అంతెత్తున నిలబడి చేసేది. రోజూ పని దిగాక రోడ్డు మీద కాయిన్ బాక్సు నుంచి మిల్లుకు ఒక రింగు ఇచ్చేవాడు. ఆ రింగుకు వాళ్ళిద్దరి మధ్య ఉన్న అర్థం క్షేమం అని కూడా కాదు. దిగిన, అని. ఆమె పని అయిపోయాక చేట గోడకు ఆనించి, చీరకు పట్టిన పొట్టు దులుపుకుని, నా గుమ్మంలో నిలబడేది. బయట ఆమె ఊరి ఆటో హారన్ కొడుతూ ఉండేది. అయినా కదిలేది కాదు. ఫోను ఒక్కసారి ట్రింగ్ అని ఆగిపోగానే, "దిగిండు" అని తనలో తాను అనుకుని వెళ్ళిపోయేది. ఆ రెండు క్షణాలలో ఆమె ముఖం చూడటం నాకు అలవాటైపోయింది. పెళ్ళి కాని నాకు మొగుడూ పెళ్ళాల ముచ్చట్లు వినాలంటే ఒళ్ళుమంట. వాళ్ళది మాత్రం నచ్చేది, అందులో మాటలు లేకపోవడం వల్ల కావచ్చు.

డబ్బా పెట్టిన మొదటి సాయంత్రం ఫోను ట్రింగ్ అని ఆగకముందే ఆ నల్ల పెట్టె లోపల్నుంచి టక్కున చప్పుడైంది. తర్వాత కీ...చుమని సన్నటి అరుపు. ఆ తర్వాత గరగర, మళ్ళీ కీచు. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "ఏందే పిల్లా అది? ఎవ్వలు ఒర్లుతుండ్రు?" అంది.

మిషను అని చెప్పాను. మీ ఆయనే చేశాడు, మిషను ఎత్తింది, అంతే అన్నాను. ఆమె నమ్మీ నమ్మక ఆటో ఎక్కింది.

తర్వాత్తర్వాత ఆ అరుపు ఆఫీసులో మామూలైపోయింది. అందరికీ మామూలైంది గానీ నాకు కాలేదు. ఎవరి వేళా కాని వేళల్లో కూడా అది అరిచేది. ఇంజనీరు కాదు, కంప్యూటర్లు బాగానే ఉన్నాయి. మరి ఎవరు? ఎవరో ఎక్కడో బిళ్ళ వేసి మా నంబరు నొక్కారు. వాళ్ళు చెప్పదలచుకున్నది క్షేమమో, కాదో. నంబరు చూపించే ఫోను కాదు మాది. లైట్లు ఎర్రగా వెలిగి ఆరిపోయేవి, అంతే. ఒక హమాలీకి మేనల్లుడు పుట్టిన సంగతి బారసాల రోజు తెలిసింది. వాళ్ళ బావ ఫోన్ చేస్తే అరుపు విని, తప్పు నంబరు కలిసిందని పెట్టేశాడట. "నా అల్లుడు పుట్టిన ముచ్చట డబ్బ తిన్నది" అని వాడు నవ్వాడు, అందరం నవ్వాం. నవ్వుతూనే నేను ఆ పెట్టె వంక చూశాను. అప్పటికి అది ఇంకా ఎన్ని తిని కూర్చుందో అనుకున్నాను. క్రమంగా ఒక్కొక్కరే మిల్లు నంబరు మానేసి బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు నంబరు ఇచ్చుకున్నారు. ఆమె మాత్రం మానలేదు. ఆ బూతు దాకా నడిచి, కాచుకుని ఉంటే ఆటో దొరకదు.

పీర్ల పండుగకు ఆమె భర్త ఊరికి వచ్చినప్పుడు మిల్లుకు తీసుకొచ్చింది. బక్కపల్చటి మనిషి, మాట్లాడినంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "తొల్తసారి చేసిన్నాడు చెవుల సూది గుచ్చినట్టయింది అక్కా. ఇంటికాడ ఏమన్న అయిందేమో, మా ఆమె గిట్ల ఏడుస్తుందేమో అని పరేషానయిన" అన్నాడు. నేను డబ్బా చూపించి, ఉపాయం చెప్పాను. రింగు వినబడగానే పెట్టేయమన్నాను. అలా చేస్తే అతని బిళ్ళా పోదు, ఆ అరుపూ వినక్కర్లేదు. అప్పటికే డబ్బా ఎత్తేస్తుంది కాబట్టి ఇక్కడ మాత్రం కాసేపు అరుస్తుంది. ఆ అరుపే మీ ఆవిడకు గుర్తు అన్నాను.

"అంటే ఇప్పటి సంది నా గొంతు గిదేనన్నట్టు" అని నవ్వాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటి నుంచి అలాగే జరిగింది. పొద్దుగూకే వేళ డబ్బా చిన్నగా కీచుమనేది, ఆమె "దిగిండు" అనుకునేది, ఆటో కదిలేది. ఆ అరుపు విని ముఖం వెలిగే మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. నేను కూడా సరిపెట్టుకున్నాను. కానీ ఆ అరుపు మొదలైనప్పుడల్లా నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయేవి, వెనకటికి రెండో రింగుకు ఆగినట్టే. ఎందుకాగుతున్నాయో నాకే తెలిసేది కాదు, విసుగొచ్చి నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఆ రోజు మిల్లు పెందలాడే ఆపేశారు. మిషన్లు ఆగితే ఆ షెడ్డులో ఒక రకమైన నిశ్శబ్దం ఉంటుంది, చెవులకు పొట్టు పట్టినట్టు. మబ్బు వేసింది, డిష్ ఎప్పుడో పోయింది. నేను మెయిల్స్ పంపడం ముగించి, లైను వదిలేశాను, ఆమె వేళ అవుతోందని. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆటో హారన్ కొట్టింది. ఫోను మోగలేదు. ఆటో మళ్ళీ కొట్టింది. ఆమె నా వైపు చూసింది, నేను గడియారం చూడకుండా ఉండటానికి కాగితాలు సర్దాను. "ఇయ్యాల పొద్దు వోయిందాక పని వెట్టినట్టుండు మేస్త్రి" అంది. నేను ఊఁ అన్నాను. నాకు ఆ గదిలో కూర్చోబుద్ధి కాలేదు.

అప్పుడు మోగింది. టక్కున డబ్బా ఎత్తింది. కీచుమంది. రోజూలాగా కాసేపటికి ఆగలేదు. కీచుమని, గరగరమని, మళ్ళీ కీచుమని, ఎంతకీ ఆపదే. ఎర్ర లైట్లన్నీ ఒకేసారి కొట్టుకుంటున్నాయి. లేచి తీగ పీకేద్దామా అనుకున్నాను. అంతలో అదే ఆగిపోయింది.

ఆమె నవ్వింది. పళ్ళన్నీ కనబడేలా, నేనెప్పుడూ చూడనంతగా నవ్వింది. "ఇయ్యాల మస్తు సేపు మాట్లాడిండు పిల్లా!" అంది. ఆటో వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. నాకూ నవ్వొచ్చింది. భయపడినందుకు సిగ్గేసింది కూడా.

మర్నాడు పొద్దున, పని మొదలైన కాసేపటికి, మిల్లు గేటు ముందు ఒక జీపు ఆగింది. పైన కప్పు మీద తాళ్ళతో కట్టిన చాప చుట్ట ఒకటి ఉంది. లోపల్నుంచి ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు దిగారు, బట్టల నిండా సిమెంటు. వాళ్ళలో ఒకడు ఆమె ఊరివాడే, భర్తకు వరసకు తమ్ముడు, ఈమధ్యే ఆ పనిలోకి వెళ్ళాడు. నేను ఆఫీసు గుమ్మంలోకి వచ్చాను. ఆమె షెడ్డు నీడలో మిగతా ఆడవాళ్ళతో కూర్చుని చెరుగుతోంది. అతను నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె తలెత్తి, "ఏంరా, ఎప్పుడొస్తివి? మీ అన్న గిట్ల వచ్చిండా?" అంది.

అతను కోపంతో గొంతు పెంచాడు. "ఏంది వదినే, ఖబర్ ఎరుకయి గూడ పనికొస్తివా? పొద్దుగాల్లకు తెస్తున్నం, బస్టాండు కాడ ఉండుండ్రి అని చెప్పిన గద. ఒక్క మనిషి రాకపాయె. అన్నను జీపు మీద వెట్టుకొని మేము ఊరంత తిరగవడితిమి" అన్నాడు.

ఆమె చేతిలో చేట అలాగే ఉంది. అందులో పప్పు ఇంకా కదులుతోంది.

నేను పరుగెత్తాను. ఏం చేయడానికి పరుగెత్తానో తెలియదు. నాతోపాటు సేటు వచ్చాడు, హమాలీలు వచ్చారు. అతన్ని పక్కకు లాగి అడిగితే చెప్పాడు. మధ్యాహ్నం ఆయన పై నుంచి పడ్డాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. మేస్త్రీ సెల్ ఆపేసి ఎటో పోయాడు. ఊళ్ళో ఖబర్ చెప్పడానికి ఈ తమ్ముడి దగ్గర ఉన్నది మిల్లు నంబరు ఒక్కటే. వెంటనే చేయకుండా పొద్దుగూకే దాకా ఆగాడట. రోజూ ఆ వేళకు వదిన ఫోను దగ్గర నిలబడి ఉంటుందని అన్న చెప్పగా విన్నాడు, వేరేవాళ్ళ నోటి నుంచి కాక తనే ఆమెకు చెప్పాలనుకున్నాడు. అలా అనుకున్నందుకు అతన్ని ఏమనగలం? మిల్లులో ఒక డబ్బా ఫోనెత్తుతుందని, అది అరుస్తుందని, ఆ కొత్తవాడికి ఎవరూ చెప్పలేదు.

"రింగు వోంగనే ఎత్తింది. నువ్వే అనుకొని, బిళ్ళ అయిపోతదని జల్దీ జల్దీ చెప్పిన వదినే" అన్నాడు ఆమె ముందు చతికిలబడి. కోపం పోయి అతనికీ ఏడుపు వచ్చేసింది. "అన్న వడ్డడు, అన్న ఇగ లేడు అని చెప్పిన. నువ్వు ఒక్కసారే ఒర్లవడితివి. నా మాట ఇంటనే లేవు, ఒర్లుతనే ఉన్నవు. ఇనలేక నేనే పెట్టేసిన. నువ్వు ఏడ్చుడు నేను నా చెవులార ఇన్న."

ఆఫీసులో ఉన్న దాని సంగతి ఆ మనిషికి ఎలా చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో ఎవరికీ తోచలేదు.

ఆమె అతన్ని చూడటం లేదు. జీపునూ చూడటం లేదు. ఏదో లెక్క కుదరనట్టు కనుబొమలు ముడిచింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు గాడ్నే ఉంటివి గద పిల్లా. చెప్పు, నేను ఏడిస్తినా?"

"లేదక్కా" అన్నాను. "నవ్వినవు."